సానక్క అరగదీసిన సాక్షి

సానక్క జీవితంలో మొట్టమొదటి గెలుపు ఒక బూడిదరంగు. నవ్వనక్కర్లేదు. ఆ రంగు కోసం ఆమె ఏడాది పొడుగునా వేళ్ళ చివర్లు అరగదీసుకుంది, చాటుగా ఏడ్చింది, ఈ పని నావల్ల కాదని చెప్పి వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తలుపు తీసింది.

ఆమె పని రాళ్ళను పల్చన చేయడం. కాలేజీలో భూమి పొరల గురించి చదివే విభాగం వెనక, సైకిళ్ళ షెడ్డుకు ఆనుకుని ఒక పొడుగాటి గది ఉంది. అందులో ఒక రంపం, ఒక తిరుగుడు సాన, ఒక గాజు బల్ల, ఎంత బిగించినా కారే ఒక కుళాయి. కొండల నుంచి తెచ్చిన రాయిని అక్కడ రొట్టెముక్కలా కోసి, చిన్న గాజుపలకకు జిగురుతో అంటించి, అరగదీస్తూ పోవాలి. ఎంతవరకూ అంటే, దాని వెనక పేపరు పెడితే అక్షరాలు చదువుకోగలిగేంతవరకు. వెంట్రుక మందంలో సగం కూడా ఉండకూడదు. అది కొలబద్దకు అందే లెక్క కాదు. పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులోని పలుగురాయి రేణువులు ఏ రంగులో కనిపిస్తున్నాయో చూడాలి. పసుపైతే రాయి ఇంకా మందంగా ఉన్నట్టు. లేత బూడిదరంగుకు దిగితే సరిపోయినట్టు. అక్కడ ఆగాలి. ఆగకపోతే మరో రెండు తిప్పుల్లో రాయి ఉండదు, ఉత్త గాజు మిగులుతుంది.

మొదటి ఏడాదంతా ఆమెకు మిగిలినవి ఉత్త గాజులే. పక్కగది గుమాస్తాలు "రాళ్ళు తినే పిల్ల వచ్చింది, కొండలు జాగ్రత్త" అని నవ్వుకునేవాళ్ళు. పని నేర్పే ముసలి మేస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు, తిట్టేవాడు. "నీ చెయ్యి నీ మాట వినడం లేదే" అనేవాడు. ఒక చలికాలం పొద్దున, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆమె ఒక పలక తుడిచి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పసుపు లేదు. అంచు నుంచి అంచుదాకా ఒకటే బూడిదరంగు, వానకు ముందు ఆకాశంలా. మేస్త్రి వంగి చూసి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, "ఇవాళ్టి నుంచి ఈ సాన నీది, సానక్కా" అన్నాడు. అసలు పేరు ఆ రోజే మూలబడింది.

ఆ తర్వాత ఆమె సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే రాయికి జిగురు తాగించి, ఆరబెట్టి, మళ్ళీ తాగించి, అప్పుడు కోసింది. ఆకాశం నుంచి ఊడిపడ్డ రాయి ఒకటి, బఠాణీ గింజంత ముక్క, పెద్ద పెద్ద ఊళ్ళలో పెద్ద పెద్ద వాళ్ళు ముట్టుకోవడానికి జంకితే, తాను కోసి ఇచ్చింది. ఆమె పలకలు సముద్రాలు దాటాయి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి, ఇటుకంత లావు పుస్తకంలో మొదటి పేజీలోనే కృతజ్ఞతలు చెప్పారు. ఆ పేజీకి వాళ్ళ నాన్న అద్దం కట్టించి గోడకు తగిలించాడు. మేకు వంకరగా దిగింది, అందుకని పటం ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఒరిగితే ఒరిగింది, మన ఇళ్ళల్లో ఇంకెవరికి దక్కింది ఆ మర్యాద?

ఇన్ని కొండల రాళ్ళు ఆమె చేతిమీదుగా పోయాయి. ఒక్క కొండమీద కూడా ఆమె కాలు పెట్టలేదు.

దానికి కారణం వాళ్ళ నాన్న కాలు. ఆయన రాతిక్వారీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆమె మధ్యాహ్నం పూట నాన్నకు భోజనం క్యారేజీ తీసుకెళ్ళేది. ఒకరోజు గేటు దగ్గర నిలబడి ఉండగా, గోతాల్లోంచి గింజలు గుమ్మరించినట్టు ఒక చప్పుడైంది. చూస్తుండగానే క్వారీ గోడ ముందుకు వంగి కూర్చుండిపోయింది. దుమ్ము. ఆ దుమ్ములోంచి నాన్న చేతులమీద పాక్కుంటూ వచ్చాడు. ఆయన పక్కన పనిచేస్తున్న ఇద్దరు రాలేదు. నాన్న ఎడమకాలు మళ్ళీ నిటారుగా కాలేదు.

అప్పటినుంచి ఆమెకు తలకంటే ఎత్తుగా ఉన్నదేదైనా భయమే. మెట్లకింద నడవాల్సొస్తే ముందు పైకి చూస్తుంది. గట్టిగా వానొస్తే మాట మధ్యలో ఆపి వింటుంది. ఇంత భయస్తురాలివి రాళ్ళ పనికెందుకొచ్చావని ఎవరో అడిగితే ఒకసారి చెప్పింది: "రాయి నా చేతికింద ఉండాలి గానీ, నేను రాయికింద ఉండకూడదు. అందుకే వచ్చాను."

ఇలా ఉండగా, మొన్న వానాకాలం తర్వాత, విభాగంలో పెద్ద మేడమ్ ఒక రాయి తెచ్చింది. పిడికెడంత. ఆకుపచ్చటి ఒంటిమీద దానిమ్మ గింజల్లా ఎర్రటి మచ్చలు. ఆ ఎర్రవి గార్నెట్లు, రాయిలోపల పుట్టే గట్టి గింజలు. మేడమ్ దాన్ని గాజుబల్ల మీద పెట్టి, తానే స్టూలు లాక్కుని కూర్చుంది. సామాన్యంగా ఆవిడ ఆ గదిలో కూర్చోదు.

"సానక్కా, ఇదెక్కడిదనుకుంటున్నావ్?"

"కొండదే కదా మేడమ్."

"ఇప్పుడు కొండది. అంతకుముందు భూమిలోపల వంద కిలోమీటర్ల కింద ఉండేదని నా నమ్మకం. నువ్వు నిరూపించి పెట్టాలి."

సానక్కకు కాళ్ళకింద నేల ఒక్కసారి పల్చబడినట్టయింది. వంద కిలోమీటర్లంటే బస్సులో రెండున్నర గంటలు. అంత దూరం నిలువునా కిందికి. ఆ పైన అంతా బరువే.

"అంత లోపలికి పోయింది మళ్ళీ పైకెలా వస్తుంది మేడమ్? నూతిలో పడ్డ చెంబే రాదు."

మేడమ్‌కు పాఠం చెప్పడమంటే ప్రాణం. కుళాయి కింద ఉన్న బకెట్టు ముందుకు లాగింది. ఒక చెక్కముక్కకు దారంతో ఇనపముక్క కట్టి నీళ్ళలో వదిలింది. రెండూ మునిగాయి. "రెండు ఖండాలు ఢీకొట్టేటప్పుడు ఒకదాని అంచు రెండోదాని కిందికి దూరుతుంది. సముద్రం అడుగున ఉండే బరువు రాయి ముందు మునుగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న పాపానికి నేలమీది తేలిక రాయి కూడా లోపలికి పోతుంది. అక్కడి బరువుకీ వేడికీ దాని రూపమే మారిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో..." మేడమ్ కత్తెరతో నీళ్ళలోనే దారం తెంపింది. చెక్క బుడుంగున పైకొచ్చి ఆవిడ చేతికి తగిలింది. "బరువుది కిందికి, తేలికది పైకి."

"నీళ్ళలో అయితే సరే. పైన కొండ ఉంటుంది కదా, అడ్డం?"

"సగం దూరం తేలికదనం తెస్తుంది. ఆ పైన, కొండ మరీ ఎత్తుగా లేచాక తన బరువు తానే మోయలేదు, పక్కలకు సాగుతుంది. మంచం మీద దుప్పటి జారినట్టు పైపొరలు పక్కకు జారిపోతాయి. ఇక మిగిలింది వానా, నదీ, మంచూ చూసుకుంటాయి. కోస్తాయి, కడుగుతాయి, చరియలు విరిగిపడతాయి. పైనున్నది పడిపోయినకొద్దీ కిందున్నది బయటికొస్తుంది. చరియ విరగడమంటే లోపలి రాయికి దారి దొరకడం."

సానక్క చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మా నాన్న కాలిమీద పడ్డది కూడా దారేనా మేడమ్?"

మేడమ్ కత్తెర పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "కాదు. అది మనుషులు కొండ పాదం తొలిచేయడం వల్ల. దాన్ని దీంట్లో కలపను."

ఆ జవాబు సానక్కకు నచ్చింది. భయం మాత్రం తగ్గలేదు.

రాయిని కోసింది. మొదటి పలకలు ఏమీ చెప్పలేదు. నాలుగో పలక ఇంకా మందంగా పసుపులో ఉండగానే, చూద్దామని మేడమ్ తీసుకెళ్ళి, పరుగున వెనక్కి వచ్చింది. ఒక గార్నెట్ నడిబొడ్డున ఆవగింజలో పదోవంతు లేని రేణువు ఒకటి. పలుగురాయే, కానీ మామూలుది కాదు. భూమి లోతుల్లోని బరువుకింద బిగిసిపోయిన పలుగురాయి. కోసైట్ అంటారు దాన్ని. పైకొస్తే అది ఒళ్ళు విరుచుకుని మామూలు పలుగురాయి అయిపోతుంది, ఎక్కడినుంచి వచ్చిందో మరిచిపోతుంది. గార్నెట్ గట్టి పెట్టెలాంటిది, అందులో ఇరుక్కున్నది మాత్రం విరుచుకోలేక అలాగే మిగిలిపోతుంది. అదీ, రాయి త్వరత్వరగా పైకొస్తేనే. విరుచుకోవాలని చూసిన గుర్తుగా చుట్టూ గార్నెట్‌లో నక్షత్రంలా పగుళ్ళు.

"ఇదే మన సాక్షి" అంది మేడమ్. "కంటితో చూశాను, కానీ నా కన్ను ఎవరికి సాక్ష్యం? రేణువు ఏదో తేల్చే యంత్రం చదవాలి. యంత్రం చదవాలంటే పైన మెరుగు కావాలి. ఊరికే మెరుగుపెట్టు. బూడిదరంగుకు దించొద్దు, పసుపులోనే ఆపేయ్. సాక్షి పైపైనే ఉంది."

"సరే మేడమ్" అంది సానక్క.

గదిలో ఎవరూ లేరు. ఎవరూ పిలవలేదు, ఏదీ కింద పడలేదు. గాజుబల్ల మీద సన్నపొడి చల్లి, నీళ్ళు చిలకరించి, పలక మీద బొటనవేలు ఆనించి తిప్పడం మొదలెట్టింది. చెయ్యి తన దారి తాను చూసుకుంది. కడిగి, తుడిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. బూడిదరంగు. అంచు నుంచి అంచుదాకా, మచ్చలేని, ముచ్చటైన బూడిదరంగు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఎంత బాగా కుదిరిందో అనుకుంది.

ఆ తర్వాత గుర్తొచ్చింది.

గార్నెట్ దగ్గరికి జరిపింది. నడిమధ్యలో చిల్లు. చిల్లులోంచి తెల్లటి దీపం వెలుగు నేరుగా కంట్లో పడింది. పెట్టె గోడ పల్చబడి తెగిపోయింది, సాక్షి ఊడి సానబురదలో కలిసిపోయింది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళూ గెలిపించిన చెయ్యే ముంచింది. బల్లమీద బురదనంతా ఒక గిన్నెలోకి తీసి, వేళ్ళతో కదుపుతూ కూర్చుంది. ఏం వెతుకుతోంది? కంటికి కనపడనిదాన్ని, బురదలో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తెలిసీ కాసేపు వెతికింది, ఎందుకంటే లేచి నిలబడితే మేడమ్ దగ్గరికి నడవాలి.

నడిచింది. "మేడమ్, అరిగిపోయింది."

మేడమ్ చూసింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "పసుపు అన్నాను."

"అన్నారు."

"విన్నావు."

"విన్నాను. చెయ్యి వినలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. మేడమ్ కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు వైపు చూస్తూ, "కొండను తవ్వి ఎలుకను పట్టానని ఊరందరికీ చెప్పాను. ఎలుక ఏదీ అంటారు ఇప్పుడు" అంది, తనలో తాను అనుకున్నట్టు. మిగిలిన ముక్కంతా కోసి చూశారు. ఇంకో సాక్షి లేదు. ఇక ఉన్నది ఒకటే దారి: ఆ రాయి పుట్టిన గోడ దగ్గరికే మళ్ళీ వెళ్ళడం. ఆ గోడ బయటపడిందే మొన్నటి వానలకు చరియ విరిగినందువల్ల. మంచు పడేలోపు వెళ్ళాలి. పడితే వచ్చే ఎండాకాలం దాకా కుదరదు, ఆ తర్వాత గోడ ఉంటుందో లేదో కూడా తెలీదు. పైగా సుత్తి వాడకూడదు. దెబ్బ కొడితే పైనున్నది కదులుతుంది. చేతిరంపంతో, నీళ్ళు పోస్తూ, మెల్లిగా కోయాలి.

"ఆ రంపం పట్టేవాళ్ళను ఎక్కడినుంచైనా పిలిపించాలి" అంది మేడమ్. సానక్క వైపు చూడకుండానే అంది. అడగలేదు. అడిగి ఉంటే కాదనడం సులువయ్యేది.

ఇంటికెళ్ళేసరికి భర్త కుట్టుమిషను ముందు ఉన్నాడు. ఆయన దర్జీ. నాన్న గుమ్మం పక్క కుర్చీలో, వంకరకాలు ఇంకో స్టూలు మీద చాపుకుని, అల్లుడికి గుండీలు ఏరిపెడుతున్నాడు. సానక్క చెప్పులు విప్పకుండానే విషయమంతా చెప్పేసింది. చివర్న, "నేనే వెళ్తాను" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మిషను ఆగింది. "నువ్వా?" అన్నాడు భర్త. "డాబామీద బట్టలు ఆరేయమంటే నీళ్ళట్యాంకు వంగిందేమో చూసి రమ్మంటావు నన్ను."

"నిజమే."

"దీపం కొండెక్కిందంటే అర్థం ఏంటో తెలుసు కదా."

"అల్లుడూ, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు" అన్నాడు నాన్న. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "అమ్మడూ, దూరపు కొండలు నునుపు. దగ్గరికెళ్తే పళ్ళు కనపడతాయి. ఇంకెవరైనా తేవచ్చుగా ఆ రాయి?"

"అరగదీసింది నేను నాన్నా."

"అరగదీస్తే? జీతం కోస్తారా, కోయనీ. ఈ కాలు చూసి కూడా వెళ్తానంటావా?"

"ఆ కాలు చూసే ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. మేడమ్ ఒక్కమాట అనలేదు నాన్నా నన్ను. అదే మింగుడు పడటం లేదు."

నాన్న గుండీల డబ్బా మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. గోడమీద ఒరిగిన పటం వైపు చూశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని లేచేటప్పుడు మాత్రం నాన్న అన్నాడు: "ఒక్కటి గుర్తుపెట్టుకో. రాయి రాలే చప్పుడు వినపడితే పరిగెత్తకు. గోడకు అతుక్కుపో. పడే రాయి గోడను తాకి బయటికి ఎగురుతుంది, పాదం దగ్గర పడదు. నేను పరిగెత్తాను, అందుకే దొరికాను."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

కొండల కింది ఊళ్ళో ఒక చిన్న సత్రంలో దిగారు: మేడమ్, సానక్క, దారి తెలిసిన ఒక తాళ్ళాయన. కొండలెక్కేవాళ్ళకు తాళ్ళు కట్టి దించడం ఆయన వృత్తి. మనిషి పొదుపరి, మాటల్లో మరీను. సానక్కను చూడగానే, "అక్కయ్యకు కొండలు అలవాటేనా?" అని అడిగాడు.

"ముక్కలుగా అలవాటు" అంది సానక్క.

ఆయన నవ్వలేదు. "రేపు మీరు పైకి చూడొద్దు. పైకి చూడటం నా పని, కోయడం మీ పని. రెండూ ఒకరే చేస్తే రెండూ చెడతాయి. నా ఈల వినపడితే గోడకు అతుక్కోండి. రెండో ఈల దాకా కదలొద్దు."

నాన్న చెప్పిందే. రెండు నోళ్ళ నుంచి ఒకే మాట వస్తే ధైర్యం రావాలి. ఆమెకు మాత్రం, అంటే నిజంగానే పడతాయన్నమాట, అనిపించింది.

పొద్దున జీపు దిగి, ఏటి ఒడ్డున నడిచి, మలుపు తిరిగారు. గోడ కనపడింది. కొండ పక్కటెముకలోంచి ఎవరో పెద్ద ముక్క కొరుక్కుపోయినట్టుంది. పచ్చి గాయంలా తడిగా మెరుస్తోంది. కింద విరిగిన రాళ్ళ కుప్ప, ఇళ్ళంత బండలు, వాటి మధ్య వేళ్ళతో సహా తలకిందులైన చెట్లు. ఎక్కడో పైన చిన్న గులకరాళ్ళు ఆగకుండా జారుతున్న చప్పుడు, ఎవరో జేబులో చిల్లర కదుపుతున్నట్టు. సానక్క కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. గేటు దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడ్డ పిల్ల అయిపోయింది మళ్ళీ.

మేడమ్ పక్కకు వచ్చింది. "వద్దనుకుంటే వెనక్కి వెళ్ళిపోదాం. నేనేమీ అనుకోను."

"మీరేమీ అనుకోకపోవడమే మేడమ్ నా ప్రాణానికి వచ్చింది" అంది సానక్క, రంపం భుజాన వేసుకుని.

తాళ్ళాయన దూరంగా ఒక బండెక్కి పైకి చూస్తూ నిలబడ్డాడు. మేడమ్ నీళ్ళ డబ్బాతో వెనకే వచ్చింది. గోడ పాదంలో పచ్చటి రాయి ఒక కటకటాల కిటికీ అంత మేర బయటికి ఉంది, దాని ఒంటినిండా ఎర్రటి మచ్చలు. సానక్క అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఇది ఒకప్పుడు వంద కిలోమీటర్ల కింద ఉండేది. ఇది ఇక్కడిదాకా రావాలంటే దీని మీదున్నదంతా పక్కలకు జారి, కరిగి, పడిపోయి ఉండాలి. అంత పడ్డాక కూడా కొండ ఇంకా పడటం ఆపలేదు. మిగిలింది ఆమె తలమీద ఉంది. పైకి చూడబోయి, ఆపుకుంది.

రంపం అందుకుంది. ఎర్రమచ్చలు ఒత్తుగా ఉన్నచోట పళ్ళు ఆనించింది. మేడమ్ నీళ్ళు పోసింది. ఆకుపచ్చ పాలు కారాయి. చేతికి పని దొరకగానే వణుకు భుజాల దగ్గర ఆగిపోయింది, మణికట్టు దాకా రాలేదు. ఒక పక్క కోత అయింది. రెండో పక్క సగం దిగిందో లేదో, ఈల.

కాళ్ళు పరిగెత్తమన్నాయి. ఆమె జన్మలో కాళ్ళు అంత గట్టిగా ఏదీ అడగలేదు. రంపం ఆపి, మేడమ్ చెయ్యి పట్టి లాగి, ఇద్దరూ గోడకు బల్లుల్లా కరుచుకున్నారు. బుగ్గ రాయికి ఆనింది. వీపు వెనక ఏదో ఉఫ్ మని పోయింది, ఆ గాలి మెడకు తగిలింది. తర్వాత ఇంకొకటి, ఇంకా పెద్దది, కింద బండమీద పడి పగిలిన చప్పుడు కాళ్ళలోంచి పళ్ళలోకి వచ్చింది. నీళ్ళ డబ్బా ఎగిరిపోయింది. దుమ్ము. ఆమె ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. నాన్న చేతులమీద పాక్కుంటూ రావడమే కనపడుతోంది కళ్ళముందు. రెండో ఈల ఎంతసేపటికి వినపడిందో ఆమెకు తెలీదు.

"నడిచి రండి" అని అరిచాడు తాళ్ళాయన.

"సగం కోశాను" అంది సానక్క. ఇప్పుడు వెళ్తే మళ్ళీ రాలేనని ఆమెకు తెలుసు. ధైర్యం కాదది, తన భయం సంగతి తనకు తెలియడం. సీసాలో మిగిలిన తాగేనీళ్ళు పోసుకుంటూ మిగతా సగం కోసింది. కింద ఉలి పెట్టి మెల్లగా ఎత్తింది. రొట్టెంత ముక్క ఊడి ఒళ్ళోకి వచ్చింది. నిజంగానే బిడ్డను అందుకున్నట్టు అందుకుంది.

మేడమ్ కళ్ళు అప్పటికే పక్కకు పోయాయి. "సానక్కా, అదిగో, ఆ ఎడమపక్క ఇంకా పెద్ద గార్నెట్లు. ఇంకొక్కటి..."

అవి బాగున్నాయి. చాలా బాగున్నాయి. సానక్క చెయ్యి రంపం పిడిమీదికి దానంతట అదే పోయింది. ఆమె ఆ చేతిని చూసింది. బొటనవేలు, అరిగిన గోరు, పచ్చటి బురద.

"పసుపు మేడమ్" అంది. "ఇక్కడ ఆపాలి."

మేడమ్‌కు ఒక క్షణం పట్టింది. తర్వాత తల ఊపి, ముందు తానే నడిచింది.

వాళ్ళు సత్రం చేరి టీ తాగుతుండగా కొండవైపు నుంచి ఆ చప్పుడు వచ్చింది. గోతాల్లోంచి గింజలు గుమ్మరించిన చప్పుడు, కానీ అది ఆగడం లేదు. సానక్క చేతిలో కప్పు బల్లమీద పెట్టేసింది, లేకపోతే పడేసి ఉండేది. సత్రంలో అందరూ బయటికి పరిగెత్తారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తాళ్ళాయన వెళ్ళి చూసొచ్చి రెండు ముక్కల్లో చెప్పాడు: గోడ పోయింది, దిగువన రోడ్డు కూడా పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. దారి తవ్వి తెరిచేదాకా ఎవరూ ఊరు దాటలేరు.

ఆ సాయంత్రం సానక్క కిటికీ దగ్గర కూర్చుని, కోసిన ముఖం తడిపి, భూతద్దంతో చూసింది. ఒక గార్నెట్‌లో పగుళ్ళున్నాయి. నడిమినుంచి అన్నివైపులకూ, నక్షత్రంలా. మేడమ్‌కు ఇచ్చింది. మేడమ్ చూసి, భూతద్దం వెనక్కి ఇచ్చి మళ్ళీ తీసుకుంది.

ఫోను కలిసేసరికి మర్నాడైంది. నాన్నే ఎత్తాడు.

"దారి మూసుకుపోయిందంట కదే. అల్లుడు వార్తల్లో విని, నిన్నటినుంచి ఒక చొక్కాకు మూడు చేతులు కుట్టాడు."

"బాగానే ఉన్నాను నాన్నా."

"భయపడ్డావా?"

"ఇంకా భయంగానే ఉంది. రాత్రి వాన చప్పుడుకు నిద్ర పట్టలేదు."

"పరిగెత్తావా?"

"లేదు. అతుక్కున్నాను."

అవతల గుండీల డబ్బా మూత పెట్టిన చప్పుడైంది. తర్వాత, "రాయి దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. సాక్షి లోపలున్నట్టే ఉంది. కోస్తేగానీ తెలీదు."

"ఏ రంగు దగ్గర ఆపుతావు?"

"పసుపు నాన్నా."

"సరే, రాయి సంగతి సరే. మనిషివి ఎప్పుడొస్తావో చెప్పు. గోడమీద రాసుకుంటాను. మేకు కూడా తిన్నగా కొట్టిస్తాను."

దారి తవ్వేవాళ్ళు ఇంకా రెండు మలుపులు మిగిలాయని చెప్పారు. మొదటి బండి కదిలే రోజు, మర్నాటికి ఇల్లు చేరే రోజు సానక్క అడిగి తెలుసుకుని నాన్నకు చెప్పింది. రాయి ఆమె ఒళ్ళోనే, ఆమె ఉన్నిశాలువాలో చుట్టి ఉంది. నాన్న సుద్దముక్కతో పటం పక్కనే గోడమీద పెద్ద అక్షరాలతో రాశాడు: అమ్మడు వచ్చేది డిసెంబరు ఆరు, శనివారం.